గుండిగకు కప్పిన దుప్పట్లు

గుండిగ బాబాయి వండిన కూర వాసనకి ఒకసారి గూడ్సు బండి ఆగిపోయిందని ఆ వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, ముందు ఆయనే చెప్పాడు, తరవాత వీధి చెప్పుకుంది. సిగ్నల్ పచ్చగానే ఉందట. డ్రైవరు ఇంజను దిగి, మసి చేతులు చొక్కాకి తుడుచుకుని, "ఏమండీ, భోజనాలు ఎటువైపు?" అని అడిగాడట. ఏడాదికో పెట్టె చొప్పున ఆ బండి పొడుగు పెరుగుతూ వచ్చింది. మొదట్లో వట్టి ఇంజనే ఆగింది. ఈమధ్య చెప్పినప్పుడు వెనక పెట్టెలు పక్క ఊరి స్టేషన్లో ఉన్నాయి.

ఎవరైనా నవ్వితే, "మా వదిన్ని అడగండి, అక్కడే ఉంది" అనేవాడు.

వదిన ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండానే, "ఆగిందండీ, నిజమే. ఈయన కోతలు వినలేక పట్టాలే పక్కకి జరిగాయి" అనేది.

ఆయనది వెల్డింగు షాపు. గేట్లు, కిటికీ గ్రిల్సు, విరిగిన సైకిలు ఫోర్కులు, అద్దె కుర్చీల కాళ్ళు. ఇనుము పట్టిన చేతులకి వంట ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు గానీ, గుండిగ ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. పాత సామాన్ల కొట్లో అడుగు పగిలి బోర్లా పడి ఉన్న స్టీలు గుండిగని ఆయన తూకానికి కొని తెచ్చాడు. అడుగుకి అతుకు వేశాడు. నలుగురు మోయడానికి నాలుగు చెవులు అతికాడు. ఇద్దరు మనుషులు లోపల కూర్చుని ఆస్తి తగువులాడుకునేంత గుండిగ అది. ఆ రోజు నుంచి ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

వీధిలో నలుగురు చేరే పని ఏది పడినా వంట బాబాయి జట్టుదే. కుర్రాళ్ళ ఆటల పోటీలు, రక్తదాన శిబిరం, వాన నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చిన రోజులు, ఎవరైనా పోతే దూరం నుంచి వచ్చిన వాళ్ళకి భోజనాలు. కూలి లేదు, టీ నీళ్ళు మాత్రం ఉండేవి. సరుకులు ఆటో వాడు తెచ్చేవాడు. కూరలు దర్జీ తరిగేవాడు. గుడ్డ కత్తిరించినట్టే ముక్కలన్నీ ఒక కొలతకి వచ్చేవి. పొయ్యి బాబాయిది. రుచి వదినది.

ఆ రుచి సంగతి కొంచెం చెప్పాలి. వదిన ఆ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి బాబాయి ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. తల్లి లేదు. ముద్దలు కలిపి పెట్టింది, జ్వరమొస్తే నుదుటి మీద గుడ్డ వేసింది, అబద్ధమాడితే చెవి మెలిపెట్టింది. మెలిపెట్టిన లెక్కన ఆయనకి ఏనుగు చెవులు ఉండాల్సింది. అన్నయ్య పోయాక ఆవిడ తలుపు దగ్గరికి వేసుకుని లోపలే ఉండిపోయింది. ఎవరు పిలిచినా "ఇప్పుడు కాదులే" అనేది. ఒకరోజు బాబాయి గరిటె పట్టుకునే వాళ్ళింటికి వెళ్ళాడు. "వదినా, అవతల ఇంతమంది ఆకలితో ఉన్నారు, కూరలో ఉప్పు ఉందో లేదో చెప్పే మనిషి లేదు. నా నాలుక నా మాటే వింటుంది, దాన్ని నమ్మలేను" అన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేక చెప్పులేసుకుంది. ఆయన కోతలన్నీ పక్కన పెడితే, జీవితంలో చేసిన మంచి పనుల్లో అది మొదటిది. ఇప్పటికీ తన గురించి ఆయన గొప్పగా చెప్పుకోనిది అదొక్కటే.

కూర దించే ముందు అందరూ చేతుల పని ఆపేవాళ్ళు. వదిన అరచేతిలో ఒక చుక్క వేసుకుని, ఊది, నాకి, కళ్ళు మూసుకునేది.

"ఉప్పుకి ఇంకా కూరతో పెళ్ళి కాలేదు. కాసేపు ఉడకనివ్వు."

లేదంటే, "కారం అచ్చం నీ మాటల్లాగే ఉందోయ్ మరిదీ. సగానికి సగం తగ్గించాలి."

ఆవిడ సరేనంటే జట్టంతా ఊపిరి పీల్చుకునేది. వీధిలో ఆవిడకి "నాలుక" అని పేరు పడిపోయింది. ఎదురుగా అనరు, అయినా ఆవిడకి తెలుసు. లోలోపల ముచ్చటగా కూడా ఉండేది.

ఆ జట్టుకి ఒక పద్ధతి ఉండేది. అందరూ పగలు ఎవరి పనుల్లో వాళ్ళుండే వాళ్ళే కాబట్టి, మర్నాటి మధ్యాహ్నం భోజనాలకి ముందు రోజు సాయంత్రమే వండేసేవాళ్ళు. వండాక గుండిగకి మూత బిగించి, దుప్పట్లు కప్పేవాళ్ళు. ఇంటికో దుప్పటి వచ్చేది. రగ్గులు, బొంతలు, చలికాలం శాలువలు. చుట్టూ తిప్పి, తాడుతో కట్టి, నెత్తిన ఒక తలగడ కూడా పెట్టేవాళ్ళు. "బిడ్డని పడుకోబెట్టాం" అనేవాడు బాబాయి. మర్నాడు జనమంతా చూస్తుండగా ఒక్కో దుప్పటీ విప్పి మూత తీస్తే, లోపల్నుంచి ఆవిరి లేచేది. అప్పుడు చప్పట్లు కొట్టేవాళ్ళు. నిన్న వండిన కూర ఇవాళ పొయ్యి లేకుండా వెచ్చగా ఉండటం వాళ్ళందరికీ ఒక గారడీ. మా దుప్పటే దగ్గరగా కప్పారంటే మా దుప్పటేనని ఆడవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు.

ఎప్పుడైనా ఒకరిద్దరికి కడుపు చెడితే, "రుచికి ఆగలేక ఎక్కువ లాగించాడు" అనేవాళ్ళు. అది కూడా బాబాయి వంటకి పొగడ్త కిందే జమ పడేది.

అలా ఉండగా మునిసిపల్ ఆఫీసు వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. నలుగురికి వండి పెట్టేవాళ్ళు, డబ్బు తీసుకోకపోయినా సరే, ఒక పూట శిక్షణకి రావాలి. రాకపోతే కమ్యూనిటీ హాలు ఇవ్వరు. శిక్షణ ఇచ్చేది ఎవరా అని చూస్తే, బాబాయి సొంత మేనకోడలు. అక్క కూతురు. ఆహార విభాగంలో ఉద్యోగం. చిన్నప్పుడు ఇదే గుండిగ పక్కన పీట వేసుకుని వెల్లుల్లి ఒలిచిన పిల్ల.

హాలు పైఅంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. బల్ల మీద లోతు తక్కువ ట్రేలు, సబ్బు, చేతి తొడుగులు, పొడుగాటి సూది ఉన్న ఒక థర్మామీటరు. బాబాయి వెనక వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, మీరు ముందుకి రండి" అంది మేనకోడలు.

"ఇంట్లో నువ్వు, ఇక్కడ మీరా! ఫ్యాను కింద నిలబడేసరికి నాకు గౌరవం పెరిగిందే!"

అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. చేతులు కడుక్కోవడం, పచ్చి మాంసం తరిగిన కత్తితో ఉల్లిపాయ తరగకపోవడం, జలుబు చేసినవాళ్ళు పొయ్యి దగ్గరికి రాకపోవడం, వరసగా చెప్పుకుపోయింది. తరవాత థర్మామీటరు తీసింది.

"దేనికమ్మా అది?" అన్నాడు బాబాయి. "నేను ఇనుము రంగు చూసి వేడి చెప్తాను. చెర్రీ పండు ఎరుపుకి ఎంత, నారింజ రంగుకి ఎంత. నాకు సూదులు గుచ్చక్కర్లేదు."

"ఇనుము కాలితే రంగు మారుతుంది మామయ్యా. కూరలో క్రిములు పెరిగితే రంగు మారదు, వాసన మారదు, రుచి కూడా మారదు. చిక్కంతా అక్కడే. కూర పొయ్యి మీద బాగా కాగుతుంటే పరవాలేదు. ఫ్రిజ్జులో చల్లగా ఉన్నా పరవాలేదు. ఈ రెండూ కాకుండా గోరువెచ్చగా గంటల తరబడి ఉంచామంటే అవి పిల్లలు పెడతాయి. ఒకసారి మరిగించినా చావకుండా దాక్కునే రకాలున్నాయి. వేడి తగ్గాక లేస్తాయి."

"అయితే మా గుండిగకి దుప్పట్లు కప్పడం?"

ఆ పిల్ల బల్ల మీది ట్రే ఒకటి ముందుకి జరిపింది. "అది కూరకి కప్పినట్టు కాదు మామయ్యా. క్రిములకి కప్పినట్టు. వాటికి అంతకన్నా మంచి పడక దొరకదు. పెద్ద గుండిగ మధ్యలో కూర తెల్లారేదాకా చల్లారదు. ముందు రోజు వండక తప్పకపోతే, ఇలాంటి ట్రేల్లో పల్చగా పోసి, తొందరగా చల్లార్చి, ఫ్రిజ్జులో పెట్టి, మర్నాడు బాగా మరిగించి వడ్డించాలి."

"అయ్యో, ఇన్నేళ్ళూ తెలియక జోలపాట పాడకుండానే పడుకోబెట్టాం కదే పాపం, వాటిని!" అన్నాడు బాబాయి.

హాలు గొల్లుమంది. ఆటో వాడు కుర్చీలోంచి జారిపోయాడు. జనం నవ్వితే బాబాయికి పూనకమే. లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్, నువ్వు చెప్పింది బాగుంది. కానీ మాకు బ్యాటరీ అక్కర్లేని థర్మామీటరు ఉంది. వదినా, ఒకసారి నిలబడు!"

"ఛ, కూర్చో" అంది వదిన.

"నిలబడవమ్మా! ఇదిగో, మా వదిన నాలుక. ఈ నాలుక ఊఁ అనేదాకా మా గుండిగలోంచి ఒక్క చుక్క బయటికి రాదు. దీన్ని దాటి వచ్చే క్రిమి ఇంకా పుట్టలేదు!"

చప్పట్లు మోగాయి. వదిన సిగ్గుపడుతూ లేచి, కొంగు సర్దుకుని, కూర్చుంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. మేనకోడలు చప్పట్లు ఆగేదాకా థర్మామీటరు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ తరవాత చెప్పిందేదీ ఎవరి చెవికీ ఎక్కలేదు. వెళ్ళేటప్పుడు థర్మామీటరు బాబాయి చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచు మామయ్యా" అంది. ఈసారి "మీరు" అనలేదు. ఆయన దాన్ని షాపులో, వెల్డింగు కళ్ళద్దాల పక్కన మేకుకి తగిలించాడు.

దారిలో వదిన అంది, "పిల్ల చెప్పిందాంట్లో నిజముందేమో మరిదీ."

"అది చదివి చెప్తోంది వదినా. మనం వండి చెప్తున్నాం."

ఆ మాట ఎంత బాగా కుదిరిందని ఆయనకి అనిపించిందంటే, ఇంటికెళ్ళేలోపు దారిలో కనబడ్డ ప్రతివాడికీ మళ్ళీ చెప్పాడు.

ఆ ఎండాకాలం బడికి ప్రహరీ కట్టే పని పెట్టుకున్నారు. వీధి మొత్తం కలిసి, ఒక్క రోజులో. ఇటుకలు ఒకరు, సిమెంటు ఒకరు, చేతులు అందరివీ. బాబాయి గేటు చేసిస్తానన్నాడు. అన్నాడంటే మామూలుగా అనలేదు. ఏనుగు వచ్చి వీపు రుద్దుకున్నా కదలని గేటు, అదే రోజు మధ్యాహ్నం భోజనాల్లోపు నిలబెడతానన్నాడు. కాబట్టి పొద్దున పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేదు. ముందు రోజు సాయంత్రమే బంగాళాదుంపలు వేసి మాంసం కూర వండారు.

దించాక వదిన అడిగింది. "పిల్ల చెప్పినట్టు పళ్ళాల్లో పోసి ఆరబెడదామా? ఉక్కగా కూడా ఉంది."

"పళ్ళాల్లో పోస్తే రేపట్నుంచి నన్ను పళ్ళాల బాబాయి అంటారు. గుండిగ ఊరుకుంటుందా? అలుగుతుంది."

దర్జీ కొత్తగా కుట్టిన బొంత తెచ్చాడు, ఎవరూ ఇంకా పడుకోనిది. అదే అన్నిటికన్నా లోపల చుట్టారు. ఎప్పుడూ అంత శ్రద్ధగా కప్పలేదు.

మర్నాడు గేటు నిలబడింది. అది మాత్రం కోత కాదు. నీలం రంగు వేసి, కమ్మీల మధ్య సూర్యుడి బొమ్మ అతికాడు. జనం గేటు ముందు వరసగా నిలబడి ఫోటోలు దిగారు. ఒళ్ళంతా సిమెంటు, కడుపంతా ఆకలి. బాబాయి చేతులు కడుక్కుని వచ్చి, దుప్పట్లు విప్పించి, మూత తీశాడు. ఆవిరి లేచింది గానీ, పల్చగా లేచింది. చప్పట్లు మాత్రం ఎప్పట్లాగే మోగాయి.

వదిన చుక్క వేసుకుంది. ఊదబోయి ఆగింది. ఊదే అవసరం లేకపోయింది. నాకింది. ఇంకో చుక్క వేసుకుంది.

"రుచికేం లేదు. కానీ వేడే... ఒకసారి పొయ్యి ఎక్కిద్దామా?"

"ఇంత గుండిగ కాగేసరికి సాయంత్రం అవుతుంది. జనం కంచాలు పట్టుకుని ఉన్నారు వదినా. నీ నాలుక ఒప్పుకుందా లేదా, అది చెప్పు."

ఆవిడ వరసలో నిలబడ్డ వాళ్ళని చూసింది. అందరూ ఆవిడనే చూస్తున్నారు.

"ఒప్పుకుంది" అంది.

"అయితే వడ్డించండ్రా!"

ఆ రోజు ఎంత పొగడ్త కావాలంటే అంత దొరికింది ఆయనకి. సాయంత్రం అడుగున మిగిలిన కూర పారబోయడానికి వదినకి మనసొప్పలేదు. గిన్నెలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, రాత్రి భోజనంలోనూ అదే తిన్నది.

తెల్లారేసరికి వీధి వీధంతా కడుపులు పట్టుకుంది. మంచినీళ్ళ కొళాయి దగ్గర ఎప్పుడూ ఉండే గోల లేదు. పిల్లలు, పడుచువాళ్ళు మర్నాటికి తేరుకున్నారు, పాలిపోయిన మొహాలతో జోకులు కూడా వేసుకున్నారు. వదిన తేరుకోలేదు. పెద్దవయసు, ఒంట్లో చక్కెర జబ్బు, దానికి తోడు రెండు పూటలా తిన్న కూర. బాబాయి వెళ్ళేసరికి స్నానాల గది గుమ్మంలో పడి ఉంది. గ్రిల్సు మోసే చేతుల్తో ఎత్తుకుని ఆటోలో వేశాడు. ఆవిడ అంత తేలిగ్గా ఉంటుందని ఆయన అనుకోలేదు.

ఆస్పత్రిలో సెలైను పెట్టారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి అన్నాడు డాక్టరు. వరండాలో జట్టంతా చేరింది. గది తలుపు సగం తెరిచే ఉంది.

"పెద్దావిడ నాలుక పట్టు తప్పిందిరా" అన్నాడు ఆటో వాడు, చెడ్డ మనసుతో కాదు, జాలిగానే. "వయసు మీద పడింది. మనం కనిపెట్టుకోలేదు."

"అంతమందికి పెట్టేముందు అనుమానం రావద్దూ మరి? ఆవిడ ఊఁ అంది కదాని మనం తిన్నాం" అంది దర్జీ పెళ్ళాం.

బాబాయి అక్కడే ఉన్నాడు. గోడకి చెయ్యి ఆనించుకుని ఉన్నాడు. ఆవిడ మళ్ళీ పొయ్యెక్కిద్దామంది, నేనే వద్దన్నాను. పళ్ళాల్లో పోద్దామంది, నేనే నవ్వులాటకి కొట్టేశాను. ఈ రెండు మాటలే చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చాయి. ఆటో వాడు తన వైపు చూస్తాడేమో, చూస్తే చెబుదాం అనుకున్నాడు. ఆటో వాడు చూడలేదు. ఎవరో కాఫీ తెచ్చారు. మాట ఇంకో దాని మీదికి మళ్ళింది. గూడ్సు బండ్లు ఆపే మనిషికి ఒక్క మాటకి నోరు పెగల్లేదు.

తలుపు సందులోంచి చూశాడు. మంచం మీద వదిన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన చూస్తుండగానే మెల్లగా గోడ వైపుకి తిరిగి పడుకుంది.

మేనకోడలు ఆఫీసు వాళ్ళతో వచ్చింది. వదిన ఇంట్లో గిన్నెలో మిగిలింది సీసాలో తీసుకెళ్ళారు. తేలింది ఆ పిల్ల ముందే చెప్పిన సంగతే. బాబాయి షాపు బయట స్టూలు మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూశాడు.

"తిట్టవే" అన్నాడు.

"తిడితే నీకు తేలికవుతుంది మామయ్యా. తిట్టను" అంది ఆ పిల్ల. కళ్ళు తుడుచుకుని, పక్కన ఇనప ముక్కల మీద కూర్చుంది. "ఆ రోజు హాల్లో నేనైనా గట్టిగా ఉండాల్సింది. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను."

వదిన ఇంటికొచ్చింది. వచ్చిందే గానీ, బయట ముద్ద ముట్టుకోవడం మానేసింది. ఎవరేది పంపినా తీసుకుని, మూత తీయకుండా పక్కన పెట్టేసేది. వంటకి రమ్మంటే, "నా నాలుకతో ఇంకెవరి ప్రాణం మీదికీ తేలేను నాయనా" అనేది. బాబాయికి ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఆవిడ మళ్ళీ తన పొయ్యి పక్కకి రావాలి. అది కాకపోతే, తన చేతి కూర ఒక్క ముద్దయినా తినాలి. దానికోసం ఆయన చెయ్యాల్సింది ఏమిటో ఆయనకి తెలిసింది, కాస్త ఆలస్యంగా.

హాల్లో జట్టు అంతా కూడిన రోజు లేచి నిలబడ్డాడు. "తప్పు వదినది కాదు. పళ్ళాల్లో పోద్దామంది, వద్దన్నాను. మరిగిద్దామంది, వద్దన్నాను. జనం ముందు ఊఁ అనిపించింది నేను. ఆవిడ నాలుకకి ఏమీ కాలేదు."

ఆటో వాడు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "వదిన మీద ఈగ వాలనివ్వవు కదా బాబాయ్! మా అందరికీ తెలుసులే. ఆవిడ్ని ఎవరం ఏమీ అనం, నువ్వు నీ నెత్తిన వేసుకోకు."

"నెత్తిన వేసుకోవడం కాదురా, జరిగిందే అది!"

"సరే బాబాయ్, అలాగే అనుకుందాం."

ఎన్ని పెట్టెల బండినైనా ఇట్టే మింగేసిన వీధికి, ఆయన చెప్పిన ఈ చిన్న నిజం గొంతు దిగలేదు. దర్జీ పెళ్ళాం అయితే ఎంత పెద్ద మనసు అని కళ్ళు ఒత్తుకుంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

వదిన దగ్గరికి వెళ్ళి అదే చెప్పాడు. ఆవిడ మంచం మీద కూర్చుని మాత్రలు సర్దుకుంటోంది. అంతా విని నవ్వింది.

"నువ్వెప్పుడు నిజం చెప్పావు గనక మరిదీ?"

వేళాకోళమే. ఎప్పుడూ ఆడే వేళాకోళమే. కానీ వేళాకోళం అయ్యాక ఆవిడ మళ్ళీ మాత్రల వైపు చూసింది. "చుక్క నోట్లో వేసుకున్నది నేను. ఊఁ అన్నది నేను. వేడి లేదని తెలుస్తూనే ఉంది, అయినా అన్నాను. అందరూ చూస్తున్నారని అన్నాను. నువ్వు మధ్యలోకి రాకు."

ఇక లాభం లేదని మేనకోడల్ని పిలుచుకొచ్చాడు. ఆ పిల్ల అత్తయ్య పక్కన కూర్చుని, ఎంతో ఓపిగ్గా, బొమ్మలు గీసి మరీ చెప్పింది. ఇవి కంటికి కనబడవు, నాలుకకి తగలవు, ఎంత గొప్ప వంటవాళ్ళకైనా తెలియవు. అందుకే సూది గుచ్చి చూడాలి. రుచి చూసి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

"అలాగేనమ్మా" అంది వదిన. ఆ బొమ్మల కాయితం చేతిలోకి తీసుకుని, "అయితే ఇన్నేళ్ళూ నేను చూసిందేమిటి?" అంది.

"ఉప్పు చూశారు అత్తయ్యా. కారం చూశారు."

"అంతేనా?"

ఆ పిల్ల బాబాయి వైపు చూసింది. బాబాయి గుమ్మం వైపు చూశాడు. బ్యాటరీ అక్కర్లేని థర్మామీటరు అని హాలంతా చప్పట్లు కొట్టించింది ఆయనే. ఆవిడ దాన్ని నమ్మింది. ఇప్పుడు తప్పు నీది కాదని చెప్పాలంటే, ఆ గొప్ప కూడా నీది కాదని చెప్పాల్సి వస్తోంది. ఇచ్చింది ఆయనే, లాక్కుంటున్నదీ ఆయనే. ఆ గదిలో ఆ సంగతి ముగ్గురికీ తెలిసింది.

ఆ తరవాత వంట మారింది. మేకుకి వేలాడిన థర్మామీటరు జేబులోకి వచ్చింది. లోతు తక్కువ ట్రేలు పెట్టుకోవడానికి బాబాయి ఒక స్టాండు చేశాడు. ట్రేకీ ట్రేకీ మధ్య గాలి ఆడేలా, చక్రాలతో. హాలు వాళ్ళు పెద్ద ఫ్రిజ్జు పెట్టించారు. చాలాసార్లు ఇప్పుడు ఆ పూటకి ఆ పూటే వండుతున్నారు. గేట్ల పని ఉంటే గేట్లే ఆగుతాయి. మేనకోడలి శిక్షణకి ప్రతిసారీ వెళ్ళి ముందు వరసలో కూర్చుంటాడు. ఎవరైనా వెనక నుంచి జోకు వేస్తే వెనక్కి తిరిగి చూస్తాడు. జోకు అక్కడితో ఆగిపోతుంది. ఆయన నవ్వకపోతే ఎలా ఉంటుందో వీధి ఎప్పుడూ చూడలేదు మరి.

దుప్పట్లు ఎవరి ఇళ్ళకి వాళ్ళవి వెళ్ళిపోయాయి. ఎవరి కడుపూ చెడలేదు. ఉప్పు మాత్రం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. జనం ఏమీ అనకుండా తినేస్తారు.

రక్తదాన శిబిరం నాడు కూర కుదిరింది. మాంసం కాదు, చిక్కుడు గింజలు, బంగాళాదుంప. వడ్డన అవుతుండగానే, కుతకుత ఉడుకుతున్న కూర తీసి, డబ్బా మూత బిగించి, గుడ్డ చుట్టి, బాబాయి వదిన ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు.

ఆవిడ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఎండ గచ్చు మీద పడుతోంది. గ్యాసు పొయ్యి పక్కన తన ఒక్కదానికి సరిపడా అన్నం, చిన్న గిన్నెలో మజ్జిగ.

"తినే వేళకి వచ్చావే" అంది.

"కూర తెచ్చాను వదినా. ఇప్పుడే పొయ్యి మీంచి తీశాను. సూది గుచ్చి చూశాను, తొంభై దాటింది." అరచేత్తో డబ్బా పట్టుకోలేక, చేతులు మార్చుకుంటున్నాడు. "ఒక్క ముద్ద తిను. బాగోకపోతే తిట్టు."

ఆవిడ డబ్బా వైపు చూసింది. ఆయన మొహం వైపు చూసింది. ఏమనుకుందో, లేచింది. గోడ పట్టుకుంటూ వెళ్ళి, చేతులు రెండూ సబ్బుతో రుద్ది కడుక్కుంది. డబ్బా తీసుకుని మూత తీసింది. ఆవిరి మొహానికి కొట్టింది.

ఆవిడ మూకుడు ఒకటి తీసి, కూర మొత్తం అందులో ఒంపింది. పొయ్యి వెలిగించింది.

"వదినా, అది వేడిగానే..."

"తెలుసులేవోయ్. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. కూర ఉడికింది. ఆవిడ గరిటెతో కలుపుతూ నిలబడింది, కళ్ళు మూకుడు మీంచి తీయలేదు. గింజలు చితికాయి. బంగాళాదుంపలు కరిగి గుజ్జయ్యాయి. రసం ఇగిరిపోయింది. అడుగంటుతున్న వాసన ముందు ఆయనకే తగిలింది. చెప్పబోయి, ఊరుకున్నాడు. ఆవిడకి చాలు అనిపించేదాకా ఉడకనిచ్చాడు.

రెండు కంచాలు పెట్టింది. తన కంచంలో కొంచెం వేసుకుంది. మెల్లగా తిన్నది, మాత్ర మింగినట్టు, ఒక్కో ముద్దకీ మంచినీళ్ళు తాగుతూ. ఉప్పు గురించి ఏమీ అనలేదు. ఆయన అడగలేదు. మాడు వాసన కూరని వంచిన తల ఎత్తకుండా తినేశాడు.

తిన్నాక మూకుడు తీసుకుని వెళ్ళి కొళాయి కింద పెట్టి, పీచు పట్టుకుని కూర్చున్నాడు.

"అది నానబెట్టు మరిదీ, రేపు తోముకుంటాను" అంది వదిన లోపల్నుంచి.

"పరవాలేదులే వదినా" అని, అడుగున పట్టిన నలుపుని గోకుతూనే ఉన్నాడు.